ఇల్లు చేరిన వస్తువు, వెనుదిరిగిన అప్పు

పదిమంది పెద్దలు కూర్చుండి తగవు తీర్చుట అను మర్యాద మన గుంటూరు, ప్రకాశము సీమలలో నేటికిని పోలేదు. గట్టు తగవు, కాలువ నీటి తగవు, అన్నదమ్ముల పంపకము, ప్రోనోటు బాకీ, వీనిని గూర్చి మీకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ప్రోనోటుకు మూడేండ్లు దాటినచో కాలదోషము పట్టునని అక్షరము రాని రైతునకు సైతము తెలియును. కాని ఇటీవల ఒక క్రొత్త తగవు మీ యెదుటికి వచ్చుచున్నది. దీనికి తాతలనాటి మామూలు లేదు. వస్తువు ఇల్లు చేరిన పిమ్మట, ఆ వస్తువు కొఱకు ఇచ్చెదమన్న అప్పును కంపెనీవారు రద్దు చేయుదురు. అంతట దుకాణదారుడు వచ్చి మొత్తము వెల అయినను కట్టుమనును, లేదా వస్తువునైనను మరల నిమ్మనును. అట్టి సమయమున న్యాయ మెటువైపున నున్నది? ఈ ప్రసంగమునకు విషయ మిదియే.

ఒక ఉదాహరణ మనుకొందము. చిలకలూరిపేట చుట్టుప్రక్కల నల్లరేగడిలో నాలుగెకరముల మిరప పెట్టిన రైతు ఒకడు. కాయ కోయించి, కల్లములో ఎండబోసి, టిక్కీలు కట్టించి గుంటూరు యార్డునకు తోలెను. ధర నచ్చలేదు. సరుకును కోల్డు స్టోరేజిలో పెట్టి ఇంటికి వచ్చెను. వైశాఖములో కూతురి పెండ్లి. వియ్యాలవారు నోరు తెఱచి అడుగకపోయినను, సారెలో ఫ్రిజ్జు పెట్టవలెనని ఇంటి ఆడవారు తలచిరి. పట్టణములోని దుకాణములో దాని వెల 32,000 రూపాయలనిరి. చేతనున్న 6,000 రూపాయలు రైతు కట్టెను. ఇంటనున్న పాత టీవీని దుకాణమువారు 2,000 రూపాయల క్రింద జమకట్టుకొనిరి. మిగిలినది 24,000 రూపాయలు. ఆ దుకాణములోనే ఒక మూల బల్ల వేసికొని కూర్చున్న ఫైనాన్సు కంపెనీ కుఱ్ఱవాడు ఆధారు కార్డును, బ్యాంకు పాసుపుస్తకమును ఫోటోలు తీసికొనెను. రైతు సెల్లుఫోనునకు వచ్చిన ఓటీపీ చెప్పించుకొని తన ఫోనులో నొక్కెను. “పాసయిపోయింది బాబాయ్! నెలకు రెండు వేలు, పన్నెండు నెలలు” అనెను. సాయంకాలమునకు ఫ్రిజ్జు ఆటోలో ఇల్లు చేరెను. పెండ్లి జరిగెను. సారె వియ్యాలవారింటికి వెళ్లెను.

పదవనాడు దుకాణము నుండి ఫోను వచ్చెను. “బాబాయ్, మీ ఫైనాన్సు క్యాన్సిలయింది. రేపటికల్లా ఇరవైనాలుగు వేలు కట్టండి. లేకపోతే మా మనుషులు వచ్చి ఫ్రిజ్జు తెచ్చేసుకుంటారు.”

ఫ్రిజ్జు ఎక్కడ నున్నది? క్రొత్తగా కాపురమునకు వెళ్లిన పిల్ల అత్తవారింట. ఆ వాకిటి ముందు ఆటో ఆపి, నలుగురు చూచుచుండగా దానిని మోసికొని పోయినచో ఆ పిల్ల ముఖ మెక్కడ పెట్టుకొనును? రైతునకు నిద్రపట్టదు. మరునాడు తెల్లవారకముందే మీ యరుగు మీద వచ్చి కూర్చుండును.

ఇట్టి తగవులో పెద్దమనుషుల నోట సామాన్యముగా వెలువడు మాట యొకటి కలదు: “డబ్బు ముట్టలేదు గనుక వస్తువు వాళ్లదే గదా, ఇచ్చెయ్యవయ్యా, గొడవ పోతుంది.” వినుటకిది న్యాయముగనే తోచును. చట్టము మాత్ర మట్లు చెప్పుట లేదు. దుకాణదారునకు రావలసినది సొమ్ము, వస్తువు కాదు. ఈ రెంటికిని గల భేదమును గ్రహించినచో తగవు సగము తీరినట్లే.

సరకుల అమ్మకమును గూర్చిన చట్టము 1930లో చేయబడినది. అంతకు పూర్వము ఆ నియమములు 1872 నాటి ఒడంబడికల చట్టములోనే ఒక భాగముగా నుండెడివి. వస్తువు మీది హక్కు ఎప్పుడు చేతులు మారునో ఈ చట్టము నిర్ణయించుచున్నది. ఏ షరతును లేని బేరములో వస్తువును ఏరి, బిల్లు వ్రాసి, కొన్నవానికి అప్పగించినంతనే అది కొన్నవాని సొత్తగును. వెల తరువాత ఇచ్చునట్లు గడువు పెట్టుకొన్నను ఈ మాట మారదు. అరువునకు తెచ్చిన విత్తనములు చేలో చల్లిన పిమ్మట అవి షావుకారువి అని ఎవ్వరైనను అందురా? అనరు. షావుకారునకు బాకీ యున్నది, అంతే.

అమ్మినవానికి వెల ముట్టనప్పుడు చట్టము అతని చేతికి ఆయుధము లేమియు ఈయలేదని కాదు. వస్తువు తన దుకాణములో నున్నంతవఱకు వెల ముట్టనిదే కదలనీయక ఆపుకొనవచ్చును. దారిలో నుండగా, కొన్నవాడు దివాలా తీసెనని తెలిసినచో, బండి ఆపించవచ్చును. కాని వస్తువు సక్రమముగా కొన్నవాని చేతబడిన క్షణమున ఆపుకొను హక్కు ముగియును. ఆ మీద అతనికి మిగిలినది వెల కొఱకు దావా వేయుట. దానికి గడువు మూడేండ్లు. దుకాణదారుడు స్వయముగా తన ఆటోలో పంపి, ఇంట దింపించి, తీగ తగిలించి, చల్లబడినదో లేదో చూచి వెళ్లిన ఫ్రిజ్జు విషయములో ఆ గీత ఎప్పుడో దాటిపోయినది.

ఒకని స్వాధీనములో నున్న వస్తువును బలిమిని లాగుకొనుటను మన శిక్షాస్మృతి ఎంత తీవ్రముగా చూచునో తెలిసికొనుటకు 1860 నాటి పాత స్మృతిలోనే ఒక చక్కని దృష్టాంత మున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను దానిని నిలుపుకొన్నారు. ఒకడు తన గడియారమును బాగుచేయ నిచ్చెను. కూలి ఈయలేదు. బాగుచేసినవాడు కూలి ముట్టువఱకు గడియారమును తనవద్ద న్యాయముగా ఉంచుకొనెను. సొంతదారుడు వచ్చి, ఆ హామీని వానికి లేకుండ చేయు తలంపుతో, గడియారమును తీసికొని పోయెను. అది దొంగతనమే. తన సొత్తునే తాను తీసికొన్నను తప్పైనప్పుడు, పరుని సొత్తయిన ఫ్రిజ్జును పరుని ఇంటిలో చొరబడి తీసికొనిపోవువాని మాట చెప్పవలెనా? అనుమతి లేక ఇంటిలో ప్రవేశించుట వేరొక నేరము. 2007లో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు వ్యవహారములో, వాహనము మీద అప్పిచ్చినవారైనను కండబలముగల మనుష్యులను పంపి దానిని లాగుకొనరాదనియు, చట్టము చూపిన మార్గముననే వసూలు చేసికొనవలెననియు గట్టిగా చెప్పినది.

ఇంతవఱకు చెప్పినది కొన్నవాని పక్షము. రెండవ పక్షమును చూడకుండ తీర్పు చెప్పరాదు గదా. మూడు సందర్భములలో ఈ వాదము నిలువదు.

మొదటిది షరతు గల అమ్మకము. బిల్లు మీదనో, ఆర్డరు ఫారము మీదనో, “ఫైనాన్సు మంజూరు అయిననే ఈ అమ్మకము చెల్లును” అనియో, “వెల పూర్తిగా ముట్టువఱకు వస్తువు మీద హక్కు దుకాణమునదే” అనియో అచ్చువేసి, దాని క్రింద కొన్నవాడు సంతకము చేసియుండవచ్చును. అట్టి షరతు చెల్లును. షరతు తప్పినచో బేరము వీగిపోవును. వస్తువును మరల నీయవలసినదే. అయితే అప్పుడు దుకాణదారుడు తాను పుచ్చుకొన్నదియు మరల నీయవలెను. ఒడంబడికల చట్టములోని 65వ సెక్షను ఈ మాట స్పష్టముగా చెప్పుచున్నది: ఒడంబడిక చెల్లక పోయినప్పుడు దాని వలన లాభము పొందినవాడు ఆ లాభమును తిరిగి ఈయవలెను. మన రైతు కట్టిన 6,000 రూపాయలు, టీవీ యున్నచో టీవీ, లేనిచో దానికి కట్టిన 2,000 రూపాయలు, ఇవి యన్నియు తిరిగి రావలెను. “అడ్వాన్సు వాపసు లేదు” అని రబ్బరు ముద్ర గ్రుద్దినంత మాత్రమున ఆ సొమ్ము దుకాణమునది కాజాలదు. వస్తువు ఒక చేత, సొమ్ము ఒక చేత, ఒక్కసారిగా మారవలెను. వస్తువును ముందు పంపుడు, సొమ్మును వచ్చే వారము చూచెదము అనువాని మాట నమ్మి ఇబ్బంది పడినవారు కలరు.

రెండవది మోసము. రైతు తనది కాని పొలము తనదని చెప్పియో, మరియొకరి కాగితములు చూపియో అప్పు మంజూరు చేయించుకొన్నచో ఆ ఒడంబడికను రద్దుచేయు హక్కు ఎదుటివానికి కలదు. అట్టివానిని మీరు వెనుకవేసికొని రాకుడు. కాని కంపెనీ కుఱ్ఱవాడు తానే తప్పు వ్రాసికొని, ఆ తప్పును రైతు నెత్తిన రుద్దుటయు జరుగును. కౌలురైతునకు పట్టాదారు పాసుపుస్తకము లేదని ముందే చెప్పినను, ఫారములో సొంత పొలమని నొక్కినవా డెవ్వడు? ఇది విచారింపవలసిన ప్రశ్న.

మూడవది, అప్పు మంజూరై, సొమ్ము దుకాణమునకు చేరి, రైతు వాయిదాలు ఎగవేసినప్పటి సంగతి. అది రద్దు కాదు, బాకీ. వస్తువు ఆ అప్పునకు తాకట్టుగా వ్రాయబడియుండిన, కంపెనీ చట్టప్రకారము దాని జోలికి రావచ్చును. ట్రాక్టరునకును, మోటారు సైకిలునకును రిజిస్ట్రేషను పుస్తకములోనే కంపెనీ పేరు ఎక్కియుండును గనుక ఇది మీకు తెలిసినదే. మన ప్రసంగ మిప్పుడు దీనిని గూర్చి కాదు.

అసలీ చిక్కు ఎక్కడ పుట్టినదో కొంచెము చూడవలెను. పూర్వము అరువిచ్చువాడును, అమ్మువాడును ఒక్కడే. ఎరువుల కొట్టువాడు, పురుగుమందుల కొట్టువాడు రైతు ముఖము చూచి, పంట చూచి ఖాతా వ్రాసికొనెడివాడు. ఆ పద్ధతిని నేను మెచ్చుకొనుట లేదు. 1987-88లో తెల్లదోమ పత్తిచేలను ఊడ్చివేసిన యేట ఆ ఖాతాలు రైతుల మెడలకు ఎట్లు చుట్టుకొన్నవో, ఎందఱిని బలిగొన్నవో కన్నులార చూచినవారు మీలో కలరు. కాని ఒక్క విషయము: ఇచ్చిన అరువును ఇవ్వలేదనుటకు ఆ షావుకారునకు వీలులేదు. ఇప్పుడు అమ్మువా డొకడు, అప్పిచ్చువాడు మరియొకడు. ఇద్దఱి నడుమ నొక కుఱ్ఱవాడు, వాని చేత నొక యంత్రము. ఆ యంత్రము మొదట “సరే” అనును. తరువాత ఎక్కడనో దూరపు పట్టణములో కూర్చున్నవారు కాగితములు మరల తిరుగవేయుదురు. ఆధారులో పేరొక విధముగను, బ్యాంకు పుస్తకములో మరొక విధముగను ఉన్నదని ఒకటి. వెనుక ఎవరికో హామీపడిన అప్పు కట్టలేదని ఒకటి. విచారణకు ఫోను చేయగా రైతు పలుకలేదని ఒకటి. మిరపకోతలో నున్నవాడు పదునొకండు గంటలకు ఫోను ఎట్లు తీయును?

కంపెనీ సొమ్ము దుకాణమునకు ముట్టుటకు కొంత కాలము పట్టును. ఆ సొమ్ము రాకముందే వస్తువును పంపివేయుట దుకాణదారుడు తన అమ్మకము కొఱకు తాను చేసిన సాహసము. పండుగ సీజనులో బేరము ప్రక్క దుకాణమునకు పోవునేమోనని అతని తొందర. లాభము వచ్చినప్పుడు తనది, నష్టము వచ్చినప్పుడు రైతుది అనుట ఏ ధర్మము?

ఈ జాడ్యము మనకే పరిమితము కాదు. అమెరికా దేశములో మోటారు కార్లు అమ్ము దుకాణములలో ఇది ప్రసిద్ధమైన యెత్తు. అప్పు కుదిరినదని చెప్పి కారును ఆ సాయంకాలమే ఇంటికి పంపుదురు. కొన్ని దినములకు పిలిచి, ఆ అప్పు పోయినది, ఇంతకన్న హెచ్చు వడ్డీకి క్రొత్త కాగితము మీద సంతకము చేయుమందురు. ఒప్పుకొననిచో కారు దించుమందురు. ఈలోపల వాడు బదులుగా ఇచ్చిన పాత కారును అమ్మివేసితిమని కూడ అనుచుందురు. దారము కట్టి క్రిందికి విడిచి మరల పైకి లాగు ఆటబొమ్మ యొకటి ఆ దేశమున కలదు. దాని పేరు యోయో. ఈ వ్యాపారమునకును ఆ పేరే పెట్టినారు. మన జిల్లాల నుండి చదువులకును ఉద్యోగములకును అక్కడికి వెళ్లిన పిల్లలు, అప్పు చరిత్ర లేని క్రొత్తవారు గనుక, ఈ దారమునకు చిక్కుట సులభము. ఇంటికి ఫోను చేసినప్పుడు ఈ మాట చెవిని వేయుడు.

మన దుకాణములలోను ఆ యెత్తునకు తమ్ముడున్నాడు. “ఆ కంపెనీ కాకపోతే ఇంకొక కంపెనీలో కలుపుతాం, ఒక్క సంతకం పెట్టండి” అని వచ్చును. మొదటి దానిలో వడ్డీ లేదన్నారు. రెండవ దానిలో ఎంత? వడ్డీ లేని వాయిదాల మాట కూడ ఎఱుగవలసినదే. సున్న వడ్డీ అనునదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పినది. ఆ వడ్డీ ప్రాసెసింగు రుసుము రూపమున నైనను ఉండును, తగ్గింపు ఈయకపోవుట యను రూపమున నైనను ఉండును. క్రొత్త సంతకము చేయుటకు రైతునకు బాధ్యత యేమియు లేదు. భయపడి చేసినచో మొదటి బేరములో తనకున్న బలమును తానే విడిచినవాడగును.

కంపెనీ తాను ఒప్పుకొన్న అప్పును ఇచ్చవచ్చినట్లు వెనుకకు తీసికొనవచ్చునా? ఇచ్చట కాగితము ముఖ్యము. ఒక ప్రతిపాదనను ఎదుటివాడు అంగీకరింపకముందు మాత్రమే ఉపసంహరించుకొనవచ్చునని ఒడంబడికల చట్టము. దానికి తోడు, 2024 అక్టోబరు 1 తరువాత మంజూరగు చిల్లర అప్పులకు బ్యాంకులును, ఫైనాన్సు కంపెనీలును ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అను ముఖ్యాంశముల పత్రమును ముందుగా ఈయవలెనని రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించినది. అసలెంత, సాలునకు అన్ని రుసుములతో కలిపి పడు వడ్డీ రేటెంత, వాయిదా లెన్ని, ఇవన్నియు అప్పు తీసికొనువానికి తెలిసిన భాషలో, అనగా మనకు తెలుగులో, వ్రాసి వివరింపవలెను. వారము దినములకు తక్కువ కాని అప్పులకు ఆ పత్రము కనీసము మూడు పనిదినములు చెల్లుబడిలో నుండవలెను. ఆ లోపల అప్పు తీసికొనువాడు సరే యన్నచో, అందులో వ్రాసిన షరతులకు కంపెనీ కట్టుబడియుండును. కావున మీ యరుగు మీదికి వచ్చిన రైతును మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న, “ఎంత కట్టినావు?” అని కాదు, “ఆ పత్రమేది? ఫోనులో నున్నదా? ఏ తేదీన వచ్చినది?” అని. రైతునకు ఫోనులో వెదకుట రాకున్న, ఊరిలో చదువుకొన్న పిల్లవానిని పిలిపింపుడు. మెసేజీలను చెరిపివేయవలదని గట్టిగా చెప్పుడు. మంజూరైనదని వచ్చిన ఒక్క మెసేజియే రేపు సాక్ష్యమగును.

బిల్లు లేదందురా? బిల్లు ఈయకపోవుటయే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద అక్రమ వ్యాపార పద్ధతి. ఈ చట్టము 1986 నాటి పాత చట్టమునకు బదులుగా వచ్చి 2020 జూలై నుండి అమలులో నున్నది. వాయిదాల మీద కొన్నవాడును వినియోగదారుడే యని ఇది చెప్పుచున్నది. కొందఱు దుకాణదారులు, స్ప్రేయరు గాని, నీటి మోటారు గాని కొన్న రైతుతో, “అది వ్యాపారపు వస్తువు, నీకు ఆ చట్టం వర్తించదు” అని వాదింతురు. ఇది సరికాదు. తన బ్రతుకుతెరువు కొఱకు తానే వాడుకొనుటకు కొన్నది వ్యాపారము క్రింద రాదు. విత్తనములు కొన్న రైతులు వినియోగదారులేనని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము మన ఆంధ్ర రైతులదే, జాతీయ విత్తన సంస్థ మీద వేసినది.

ఈ చట్టములో మన విషయమునకు సూటిగా తగులు మాట యొకటి కలదు. సరియైన కారణము లేకుండ ఒక పక్షమువారు తమంతట తామే ఒడంబడికను రద్దు చేసికొను హక్కు నిచ్చు షరతును ‘అన్యాయపు ఒడంబడిక’ యని అది పేర్కొన్నది. “కంపెనీ ఎప్పుడైనను, కారణము చెప్పకయే, అప్పును రద్దు చేయవచ్చును” అని చీమతలకాయ లంతటి అక్షరములలో అచ్చువేసినంతనే ఆ మాట వేదవాక్యము కాదు. అయితే ఒడంబడికయే అన్యాయమైనదను ఫిర్యాదును జిల్లాలో కాక రాష్ట్ర కమిషనులో వేయవలెను. అంత దూరము పోవుట సామాన్య రైతునకు కష్టమే. సేవలో లోపము, అక్రమ వ్యాపార పద్ధతి అని చూపి జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయుట సులువు.

కమిషను అనగానే యార్డులో నూటికింత పుచ్చుకొను కమిషను అనుకొనకుడు. ఇదివఱకు వినియోగదారుల ఫోరము అని పిలిచినదే ఇది. గుంటూరులోను ఒంగోలులోను కలదు. వస్తువు కొన్నది హైదరాబాదులో నైనను, కంపెనీ కార్యాలయము బొంబాయిలో నున్నను, ఫిర్యాదు చేయువాడు కాపురముండు చోటనే వేసికొనవచ్చును. ఇది 2019 చట్టము చేసిన గొప్ప మేలు. అయిదు లక్షల రూపాయల వఱకు వెలగల వస్తువునకు రుసుము లేదు. వకీలు లేకుండ తానే చెప్పుకొనవచ్చును. గడువు రెండేండ్లు. దుకాణము మనుష్యులు రేపే వచ్చి వస్తువును లాగుకొందురను భయమున్న, అట్లు చేయకుండ తాత్కాలికపు ఉత్తరువును కూడ అడుగవచ్చును. వస్తువును పరీక్ష చేయింపవలసిన పని లేని ఫిర్యాదులు మూడు నెలలలో తీరవలెనని చట్టములో వ్రాసియున్నది. నిజముగా అంతలో తీరునని నేను హామీ ఈయజాలను. అందుచే ముందుగా 1915 అను జాతీయ వినియోగదారుల టెలిఫోను సంఖ్యకు చెప్పి చూచుట మంచిది. ఆ ఫోనుతోనే దిగివచ్చు దుకాణదారు లుందురు. వకీలు సాయము కావలసినచో జిల్లా న్యాయసేవాధికార సంస్థ యున్నది. ఆడవారికిని, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని వారి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలునిచ్చును.

అప్పు కంపెనీ మీది ఫిర్యాదును ముందు కంపెనీకే వ్రాతమూలకముగా పంపవలెను. ముప్పది దినములలో జవాబు రాకున్నను, వచ్చినది తృప్తికరముగా లేకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు చెప్పుకొనవచ్చును. దానికిని రుసుము లేదు.

ఇక పెద్దలైన మీ యెదుట తగవు నడచునప్పటి మాట. రైతు వస్తువును ఉంచుకొని వెల ఎగవేయవచ్చునని నేను చెప్పుట లేదు. 32,000లో 8,000 పోగా 24,000 రూపాయలు అతడు ఈయవలసినదే. పట్టణములోని దుకాణదారులందఱును కోటీశ్వరులు కారు. అతడును ఎక్కడనో అప్పు తెచ్చి సరుకు దింపినవాడే. కాని నెలకు రెండు వేలని చెప్పి అమ్మిన వస్తువునకు ఒక్క రాత్రిలో ఇరవైనాలుగు వేలు తెమ్మనుట తగదు. ఆ వాయిదాలనే దుకాణదారుడు తాను నేరుగా పుచ్చుకొనునట్లు ఒప్పింపవచ్చును. లేదా కోల్డు స్టోరేజిలోని టిక్కీలు అమ్ముడు పోవువఱకు గడువు పెట్టవచ్చును. లేదా రైతు తనకు తానై, ఈ గొడవ నాకు వద్దు, వస్తువు తీసికొనిపొండు అన్నచో, అతడు కట్టిన సొమ్ము పైసలతో సహా చేతబెట్టించి పంపవచ్చును. పది దినములు వాడినందులకు అద్దె కోయుమని దుకాణదారుడు అడుగును. తప్పు తనవైపున నుండగా ఆ కోత నాకు సమ్మతము కాదు; మీరు విచారించుకొనుడు. ఏది కుదిరినను ఒక తెల్లకాగితము మీద తేదీ వేసి, ఇరువురి సంతకములతో రెండు ప్రతులు వ్రాయింపుడు.

తగవు తీరినదని లేచిపోవుటకు ముందు మరి రెండు సంగతులు చూడవలెను. వీనిని మఱచుట వలన తరువాత బాధపడినవారు పలువురు. కంపెనీ అప్పును రద్దుచేసినను, ప్రతి నెలయు రైతు బ్యాంకు ఖాతా నుండి తనంతట తాను రెండు వేలు లాగుకొనుటకు ఆనాడు ఇచ్చిన అనుమతి అట్లే నిలిచియుండవచ్చును. బ్యాంకునకు పోయి దానిని రద్దు చేయింపవలెను. సంతకము చేసి యిచ్చిన ఖాళీ చెక్కులున్నచో తిరిగి పుచ్చుకొనవలెను. రెండవది, రుణచరిత్ర వ్రాయు సంస్థల పుస్తకములో ఆ 24,000 రూపాయలు కట్టని బాకీగా పడియుండుట కలదు. అది యట్లే యున్నచో, జూనులో పంటరుణమునకు పోయినప్పుడు బ్యాంకువారు ముఖము త్రిప్పుకొందురు. ఏటి కొక్కసారి ఆ చరిత్రను ఉచితముగా తెప్పించుకొను హక్కు ప్రతివానికి కలదు. తప్పున్నచో దిద్దుమని వ్రాసిన ముప్పది దినములలో దిద్దవలెను. అటుపిమ్మట ఆలస్యమైన దినమునకు నూరు రూపాయల చొప్పున పరిహార మీయవలెనని రిజర్వు బ్యాంకు నియమము. బాకీ లేదని కంపెనీ ఇచ్చు పత్రమును అడిగి పుచ్చుకొని, దుకాణపు బిల్లుతో కలిపి, పట్టాదారు పాసుపుస్తకము దాచుకొను పెట్టెలోనే దాచుకొనుమని రైతునకు చెప్పి పంపుడు.